ఐదేళ్ల లెక్క, యాభై ఏళ్ల కన్ను

సాధారణంగా కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని దెబ్బతీసే జబ్బు గ్లాకోమా. అది ముదిరి, చుక్కల మందులకూ మొదటి ఆపరేషన్‌కూ లొంగనప్పుడు డాక్టర్లు, కంటి నీరు బయటికి పోయేందుకు కంట్లో ట్యూబు వేయాలంటారు. ఆ మాట వినగానే ఇంట్లోవాళ్లు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఖర్చెంత? చూపు వస్తుందా? రెండోదానికి జవాబు సూటిగానే చెప్పాలి: పోయిన చూపు రాదు. కంటి నరంలో చచ్చిపోయిన పోగులు మళ్లీ పుట్టవు. మిగిలిన చూపును నిలబెట్టుకోవడానికే ఈ ఆపరేషన్. అయితే అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటుంది. ఈ ట్యూబు ఎన్నేళ్లు పనిచేస్తుంది? దీన్ని అడిగేవాళ్లు తక్కువ. అడగకముందే కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. సంతకం పెట్టకముందే ఈ జవాబు రోగికి తెలియాలి. ఆపరేషన్ తర్వాత వచ్చే ఏళ్లన్నిటికీ ఆపరేషన్‌కు చేసినంత ఏర్పాటూ జరగాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మా తమ్ముడికి 27వ ఏట కుడికంట్లో ట్యూబు వేశారు. చిన్నప్పటి నుంచి వేసవి వస్తే చాలు, వాడి కళ్లు ఎర్రబడి విపరీతంగా దురద పెట్టేవి. ఒంగోలులో మా వీధి చివరి మందుల షాపులో ఒక చుక్కల మందు ఇచ్చేవారు. రెండు రోజుల్లో దురద తగ్గేది. డాక్టరు చీటీ అడిగేవారు కాదు, ధరా తక్కువే. అది స్టెరాయిడ్ అని మాకెవరూ చెప్పలేదు. స్టెరాయిడ్ చుక్కలు వారాలూ నెలలూ వాడితే కొందరిలో కంటి నీరు బయటికి పోయే జల్లెడ లాంటి కణజాలం పూడుకుపోయి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు. చూపు అంచుల నుంచి తరుగుతుంది, ఆ లోటు తెలియకుండా రెండో కన్ను నెట్టుకొస్తుంది. ఉద్యోగంలో చేరాక, బండి నడుపుతుంటే కుడి పక్క నుంచి వచ్చే వాహనాలు చివరిదాకా కనబడటం లేదని వాడు చెప్పేనాటికి ఆ కంటి నరం చాలావరకు పోయింది.

ముందు ట్రాబెక్యులెక్టమీ చేశారు. తెల్లగుడ్డులో చిన్న దారి తెరిచి, కంటి నీటిని పైపొర కిందికి మళ్లించే ఆపరేషన్ అది. కెయిర్న్స్ 1968లో దాన్ని ప్రకటించినప్పటి నుంచి గ్లాకోమా శస్త్రచికిత్సకు అదే ఆధారం. తమ్ముడి విషయంలో వయసే అడ్డొచ్చింది. పడుచువాళ్ల ఒంట్లో గాయం చురుగ్గా మానుతుంది. తెరిచిన దారిని కూడా శరీరం గాయంగానే చూసి పూడ్చేస్తుంది. అలా పూడకుండా ఆపరేషన్‌లో మైటోమైసిన్ వాడినా కొన్ని నెలల్లోనే ఒత్తిడి (పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు) మళ్లీ ముప్పై దాటింది. అప్పుడు ట్యూబు మాట వచ్చింది.

ట్యూబు ఎలా పనిచేస్తుందో తెలిస్తే అది ఎందుకు కలకాలం ఒకేలా పనిచేయదో కూడా అర్థమవుతుంది. మన కన్ను నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్ల నీటిని తయారుచేస్తుంది. రోజంతా కలిపితే మూడు మిల్లీలీటర్ల పైచిలుకు. అంత నీరూ బయటికి పోతూ ఉండాలి. పోకపోతే ఒత్తిడి పెరుగుతుంది. ఈ నీటికి కృత్రిమంగా దారి చేయాలన్న ఆలోచన పాతదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే గుర్రపు వెంట్రుకను కంటి అంచు గుండా పెట్టి చూశారు. 1912లో జోరాబ్ అనే వైద్యుడు పట్టు దారం వాడాడు. అవన్నీ పూడుకుపోయాయి. అసలు మలుపు ఆంథొనీ మోల్టెనో అనే దక్షిణాఫ్రికా వైద్యుడి వల్ల వచ్చింది. ఆయన తన పరికరాన్ని 1969లో ప్రచురించాడు, తర్వాత న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో స్థిరపడ్డాడు. దారం పెట్టినా గొట్టం పెట్టినా బయటి కొస దగ్గర కణజాలం మూసుకుంటుందని ఆయన గ్రహించాడు. అందుకే గొట్టం చివర ఒక ప్లేటు పెట్టాడు. ఆ ప్లేటు చుట్టూ శరీరం ఎలాగూ ఒక పొర అల్లుతుంది. ఆ పొరకూ ప్లేటుకూ మధ్య ఉన్న ఖాళీలోకి నీరు చేరి, పొర గుండా మెల్లగా ఊరి, చుట్టూ ఉన్న రక్తనాళాల్లోకి పోతుంది.

ఇప్పుడు వాడే పరికరాలన్నిటికీ మూలం అదే. సిలికాన్ గొట్టం లోపలి వెడల్పు 0.3 మిల్లీమీటర్లు. ప్లేటును రెప్ప కింద, కంటి కండరాల మధ్య, వెనకగా కుట్టేస్తారు. గొట్టం ముందు కొసను కంటి ముందు గదిలోకి, అంటే కార్నియా అనే పారదర్శకమైన ముందు పొర వెనక ఉండే ఖాళీలోకి దూర్చి, దాని మీద దాత నుంచి తీసుకున్న తెల్లగుడ్డు ముక్కనో కార్నియా ముక్కనో కప్పుతారు. బార్‌వెల్ట్ ప్లేటు 350 చదరపు మిల్లీమీటర్లు, వాల్వు ఉండదు. 1993 నుంచి వాడుకలో ఉన్న అహ్మద్ వాల్వు ప్లేటు 184 చదరపు మిల్లీమీటర్లు. ఒత్తిడి మరీ పడిపోకుండా దాని వాల్వు అడ్డుపడుతుంది. పరికరం ఏదైనా, కొన్ని నెలలు గడిచాక ఒత్తిడిని నిర్ణయించేది గొట్టమూ కాదు, వాల్వూ కాదు. ప్లేటు చుట్టూ శరీరం అల్లిన ఆ పొర. అది పలచగా ఉంటే నీరు బాగా ఊరుతుంది, దళసరెక్కితే ఆగుతుంది. ప్లేటు పెద్దదైన కొద్దీ ఒత్తిడి తగ్గుతుందనుకుని 500 చదరపు మిల్లీమీటర్లది కూడా వేసి చూశారు. 350 దానికన్నా అది మెరుగు కాలేదు. మనిషి చేయగలిగింది చేశాక మిగతాది ఆ పొర చేతిలో ఉంటుంది. ఆ పొర ప్రాణమున్న కణజాలం, ఏళ్ల తరబడి మారుతూనే ఉంటుంది.

మారుతూ ఎక్కడికి చేరుతుందో చెప్పే మంచి అధ్యయనాలు ఉన్నాయి. అమెరికాలో ప్రధానంగా జరిగిన టీవీటీ (ట్యూబ్ వర్సస్ ట్రాబెక్యులెక్టమీ) అధ్యయనంలో, అంతకుముందే ఆపరేషన్ అయిన 212 కళ్లను రెండుగా పంచి, సగానికి బార్‌వెల్ట్ ట్యూబు, సగానికి ట్రాబెక్యులెక్టమీ చేశారు. 2012లో ఐదేళ్ల ఫలితాలు వచ్చాయి. ట్యూబు వేసిన కళ్లలో విఫలమైనవి 29.8 శాతం, ట్రాబెక్యులెక్టమీ చేసినవాటిలో 46.9 శాతం. ఒత్తిడి కోసం మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చినవి ట్యూబు వైపు 9 శాతం, రెండో వైపు 29 శాతం. ఒకసారి దారి పూడిపోయిన కంటికి ట్యూబు వేయడం సరైన నిర్ణయమని నేను నమ్మడానికి ఈ అంకెలే కారణం. ట్యూబు వద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మా తమ్ముడికి వేయించమని ఇంట్లో అందరికన్నా గట్టిగా అన్నది నేనే. ఇవాళ్టికీ అదే అంటాను.

అదే పట్టికలో కింది వరుసలు కూడా చదవాలి. ఐదేళ్ల తర్వాత ట్యూబు ఉన్నవాళ్లు సగటున 1.4 రకాల చుక్కల మందులు వాడుతూనే ఉన్నారు. ఆపరేషన్ అయితే మందులు మానేయొచ్చన్న ఆశకు ఇక్కడే జవాబు ఉంది. ట్యూబు వైపు 16 శాతం కళ్లలో కార్నియా ఉబ్బు తగ్గకుండా నిలిచిపోయింది. 5 శాతంలో గొట్టం మీది పొర అరిగి గొట్టం బయటపడింది. కొందరికి వస్తువులు రెండుగా కనబడటం మొదలైంది. చార్టు మీద రెండు వరుసలు, అంతకన్నా ఎక్కువ చూపు కోల్పోయినవి 46 శాతం. రెండో వైపు కూడా ఇంచుమించు అంతే, 43. ఆ నష్టమంతా ట్యూబు వల్ల కాదు, శుక్లం, రెటీనా జబ్బులు, గ్లాకోమా ముదరడం అన్నీ అందులో కలిసే ఉన్నాయి. అయినా రోగికి కావాల్సింది ఈ అంకె. ఎందుకంటే అధ్యయనం గెలుపోటములను ప్రధానంగా ఒత్తిడితో కొలిచింది. ఒత్తిడి 21 దాటకుండా, మొదట ఉన్నదానికన్నా కనీసం ఐదో వంతు తగ్గి, 5 కన్నా పైన ఉండి, మరో గ్లాకోమా ఆపరేషన్ అవసరం పడకుండా, కంటికి వెలుతురు తెలుస్తుంటే అది గెలుపు. ఆ లెక్కలో గెలిచిన కన్నుతో పుస్తకం చదవలేకపోవచ్చు. ఓడిన కన్నుతో ఇంకో చుక్క మందు చేర్చుకుని హాయిగా బతకొచ్చు. శాతం చెప్పే డాక్టరు అది దేనికి శాతమో కూడా చెప్పాలి.

రెండు రకాల ట్యూబులను పోల్చిన అధ్యయనాలు కూడా ఇలాగే చదవాల్సినవి. ఏబీసీ అధ్యయనంలో ఐదేళ్లకు అహ్మద్ 44.7 శాతం, బార్‌వెల్ట్ 39.4 శాతం విఫలం. ఏవీబీ అధ్యయనం ఒత్తిడి హద్దును 18కి దించింది. అందులో అహ్మద్ 53 శాతం, బార్‌వెల్ట్ 40 శాతం. సగటు ఒత్తిడి మొదటి అధ్యయనంలో అహ్మద్‌కు 14.7, బార్‌వెల్ట్‌కు 12.7. రెండు మిల్లీమీటర్ల తేడా చిన్నదనిపిస్తుంది. నరం చాలావరకు పోయిన కంటికి అది చిన్నది కాదు. ఏజిస్ అనే అమెరికా అధ్యయనం 2000లో చెప్పింది ఇదే: ప్రతి పరీక్షలోనూ 18 కన్నా తక్కువ ఒత్తిడి ఉన్నవాళ్లలో, వాళ్ల సగటు 12 చిల్లర, చూపు క్షేత్రం, అంటే చుట్టూ కనబడే మేర, సగటున నిలబడింది. అలాగని బార్‌వెల్టే మేలనీ చెప్పలేం. వాల్వు లేనిదాంట్లో ఒత్తిడి ప్రమాదకరంగా పడిపోయే కళ్లు ఎక్కువ. ఏ కంటికి ఏది అన్నది డాక్టరు తేల్చాలి. తేల్చిన కారణాన్ని రోగికి చెప్పాలి.

నన్ను నిద్రపోనివ్వని విషయం వేరే ఉంది. టీవీటీలో రోగుల సగటు వయసు డెబ్బై దాటింది. మిగతా రెండింటిలోనూ అరవైలు. అందరినీ ఐదేళ్లే చూశారు. డెబ్బై ఏళ్ల మనిషికి ఐదేళ్ల లెక్క చాలా చెబుతుంది. 27 ఏళ్లవాడి ముందు ఇంకా యాభై ఏళ్లుంటాయి. పాత అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు ట్యూబులు ఏటా సుమారు పది శాతం చొప్పున విఫలమవుతాయని అంచనా కట్టారు. ఆ దారిలో వెళితే పడుచు రోగికి ఒక ట్యూబుతో సరిపోదు. రెండో ట్యూబు రావచ్చు, కంటిలో నీటిని తయారుచేసే కణాలను లేజరుతో కాల్చి ఆ తయారీని తగ్గించాల్సి రావచ్చు, కార్నియా మార్చాల్సి రావచ్చు. కార్నియా లోపలి వరుసలో ఉండే కణాలు పెద్దవాళ్లలో పోతే తిరిగి పుట్టవు. గొట్టం ఆ వరుసకు దగ్గరగా ఉంటే ఏటా కొన్ని పోతూనే ఉంటాయి. దురదకు కన్ను నలపడం అలవాటైన మా తమ్ముడి లాంటివాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నలిపినప్పుడల్లా గొట్టం కార్నియాను తాకొచ్చు, పైన కప్పిన పొరా అరుగుతుంది. కంటి దురదకు సరైన వైద్యం చేయించుకోవడం కూడా ట్యూబును కాపాడుకోవడంలో భాగమేనని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

"ఎన్నేళ్లు పనిచేస్తుంది డాక్టరు గారూ?" అని నేను అడిగినప్పుడు ఆవిడ దాచలేదు. "ఐదేళ్ల దాకా మంచి లెక్కలున్నాయమ్మా. తర్వాత ఈ కన్ను ఎలా నడుస్తుందో మనమే చూసుకుంటూ వెళ్లాలి" అన్నారు. ఆ రోజు నాకు భయం వేసింది. ఇప్పుడు ఆవిడ పట్ల కృతజ్ఞతే మిగిలింది. ఇలా చెబితే జనం బెదిరి ఆపరేషన్ మానుకుంటారని, ఉన్న చూపూ పోగొట్టుకుంటారని కొందరు వైద్యులు అంటారు. ఆ ఆందోళన అబద్ధం కాదు. కానీ చెప్పకపోతే జరిగేది నేను కంటి ఆసుపత్రి వరండాల్లో చూశాను. ఆపరేషన్ అయిపోయింది కాబట్టి జబ్బు పోయిందనుకుని ఊరికి వెళ్లిపోయినవాళ్లు, ట్యూబు బయటపడి కంట్లో చీము చేరాక తిరిగొస్తారు. నిజం చెప్పినందుకు వెనక్కి తగ్గిన మనిషిని మళ్లీ పిలిచి నచ్చజెప్పవచ్చు. అబద్ధపు ధైర్యంతో కనబడకుండా పోయిన మనిషిని ఎక్కడని వెతుకుతారు?

ధర విషయంలో మన దేశం చేసిన మేలు చెప్పకపోతే అన్యాయం. బార్‌వెల్ట్ నమూనాలోనే, అదే 350 చదరపు మిల్లీమీటర్ల ప్లేటుతో మదురైలోని ఆరోల్యాబ్ 2013లో ఆడీ అనే ఇంప్లాంటును తెచ్చింది. డాక్టర్ వెంకటస్వామి 1976లో స్థాపించిన అరవింద్ కంటి ఆసుపత్రికి అనుబంధంగా, శుక్లాల ఆపరేషన్‌లో పెట్టే లెన్సులు చౌకగా తయారుచేయడానికి 1992లో మొదలైన సంస్థ అది. విదేశీ ప్లేటు ధరలో చిన్న భాగానికే ఈ ప్లేటు దొరుకుతోంది. మదురై, చండీగఢ్, హైదరాబాద్ వైద్యులు దాని ఫలితాలను ప్రచురిస్తూనే ఉన్నారు. తమ్ముడి కంట్లో ఉన్నది ఇదే.

ప్లేటు చౌకైనా దాని తర్వాతి వారాలు చౌక కావు. ఆడీకి వాల్వు లేదు. పెట్టిన రోజునే నీరంతా పోకుండా గొట్టాన్ని కరిగిపోయే దారంతో బిగించి కడతారు. ఐదారు వారాలకు ఆ దారం దానంతటదే కరిగి గొట్టం తెరుచుకుంటుంది. అంతవరకు ఒత్తిడి ఎక్కువగానే ఉండొచ్చు, పాత చుక్కలు వాడుతూనే ఉండాలి. తెరుచుకున్నాక ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవచ్చు, అప్పుడు కొన్ని చుక్కలు ఆపాలి. పడిపోవడం మరీ ఎక్కువైతే రెటీనా వెనక నీరు చేరుతుంది. అంటే ఈ వైద్యంలో అత్యంత సున్నితమైన వారం ఆపరేషన్ వారం కాదు. అది రోగి ఊళ్లో, పొలం పనిలోనో ఉద్యోగంలోనో ఉండగా వస్తుంది. ఒంగోలు నుంచి హైదరాబాద్‌కు రాత్రంతా రైలు, తోడు ఒక మనిషి, ఇద్దరి కూలీ నష్టం. ఈ ఖర్చు భరించలేక ఆ వారం రానివాళ్లకు చౌక ప్లేటు వల్ల కలిగిన మేలు సగం పోయినట్టే. ఆపరేషన్ ఖర్చులోనే ఆ వారం ప్రయాణాన్ని, మొదటి ఏడాది పరీక్షలను కలిపేయాలి. దారం కరిగే వారానికి ఆసుపత్రే ఫోను చేసి పిలవాలి. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. దాని శక్తి చాలాకాలం శుక్లాల మీదే పోయింది. ఒక్క ఆపరేషన్‌తో చూపు తిరిగొచ్చే జబ్బు కాబట్టి అది న్యాయమే. గ్లాకోమాకు ఆ నమూనా సరిపోదు. ఆపరేషన్లను లెక్కపెట్టే పద్ధతిలో, ఐదో ఏట కూడా పరీక్షకు వస్తున్న కన్ను ఏ గడిలోనూ పడదు.

ఇదంతా మన దగ్గర సాధ్యమా అని అడిగేవాళ్లకు రెండు ఉదాహరణలు చెబుతాను. మోల్టెనో పనిచేసిన ఒటాగో ప్రాంతంలో, గ్లాకోమా ఆపరేషన్ అయినవాళ్ల ఫలితాలను దశాబ్దాల పాటు నమోదు చేస్తూ వచ్చారు. ఒటాగో గ్లాకోమా సర్జరీ అవుట్‌కమ్ స్టడీ అనే పేరుతో అవి ప్రచురితమయ్యాయి. అది చిన్న జనాభా, ధనిక దేశం, నిజమే. రెండోది మనదే. ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పది వేల పైచిలుకు మందిని పరీక్షించింది. సాధారణ రకం గ్లాకోమా ఉన్నవాళ్లలో తొంభై శాతానికి పైగా తమకు జబ్బుందన్న సంగతి తెలియనివాళ్లేనని ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీ అనే ఆ పనిలో తేలింది. అంతకన్నా గొప్ప సంగతి తర్వాత జరిగింది. సుమారు పదిహేనేళ్లకు ఆ బృందం అవే పల్లెలకు తిరిగి వెళ్లి, అవే మనుషులను వెతికి పట్టుకుని మళ్లీ పరీక్షించింది. పశ్చిమ గోదావరి పల్లెలో పదిహేనేళ్ల కిందటి మనిషిని వెతికి పట్టుకోగలిగినప్పుడు, తమ దగ్గరే ఆపరేషన్ చేయించుకుని ఫోను నంబరు ఇచ్చి వెళ్లిన రోగిని పట్టుకోలేమని ఏ ఆసుపత్రీ అనకూడదు. రెండు రాష్ట్రాల్లో ట్యూబు వేసిన ప్రతి కంటినీ ఒకే పట్టీలో రాసి, వయసు వారీగా పదేళ్లు, ఇరవై ఏళ్లు చూస్తే, 27 ఏళ్లవాడి ప్రశ్నకు తెలుగు నేల మీంచే జవాబు పుడుతుంది. మండల కేంద్రాల్లోని విజన్ సెంటర్లలో ఒత్తిడి చూడటం, గొట్టం మీది పొర చెదిరిందా అని దీపం కింద చూడటం నేర్పితే ఆ రైలు ప్రయాణాల్లో చాలావాటి అవసరమే ఉండదు.

పట్టీ సంగతి అలా ఉంచితే, కాగితం ముక్క విషయంలో కూడా మనం వెనకబడే ఉన్నాం. తమ్ముడు బెంగళూరుకు మారాక అక్కడి డాక్టరు మొట్టమొదట అడిగింది ఏ ట్యూబు వేశారని. మా దగ్గరున్న డిశ్చార్జి కాగితంలో ట్యూబు ఆపరేషన్ చేశామని తప్ప ఏమీ లేదు. ఇంప్లాంటు పేరు, ప్లేటు సైజు, కంట్లో ఏ మూల కుట్టారు, గొట్టం కొస కంటి ముందు గదిలో ఉందా లెన్సు వెనక ఉందా, పైన కప్పింది ఏమిటి, ఈ కంటికి ఎంత ఒత్తిడి దాటకూడదు. ఇవి రాయడానికి అరపేజీ చాలు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరగబోతుంటే ఇవన్నీ రాయించుకోండి. ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచండి. ట్యూబు ఉన్న కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, పుసి కట్టినా, చూపు మసకబారినా అది మామూలు కండ్లకలక అనుకోకుండా అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి. ఎన్నేళ్లు గడిచినా ఈ నియమం మారదు.

తమ్ముడి ఒత్తిడి ఇప్పుడు ఒక చుక్క మందుతో పదమూడు దగ్గర నిలిచింది. ఫీల్డ్ టెస్టులో కొత్తగా పోయిందేమీ లేదు. వచ్చే పరీక్ష సంక్రాంతి తర్వాత. కార్నియా కణాలను లెక్కపెట్టే పరీక్ష ఆపరేషన్‌కు ముందు చేసినదే, మళ్లీ చేయలేదు. ఈసారి అది కూడా చేయమని అడుగుతాం.